మైల ఇంట్లో సిందూరం

శేషారత్నం రేపల్లెలో రైలు దిగి పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి పదకొండుకి పది నిమిషాలు తక్కువ. సాయంత్రం నాలుగింటికి నరేష్‌ని కోర్టులో హాజరుపరుస్తారు. ఈలోగా ఏదో ఒకటి తేలకపోతే వాడు హత్యకేసులో ముద్దాయిగా జైలుకి పోతాడు. ఆమె చేతిలో ఉన్నది అయిదు గంటల పది నిమిషాలు.

నరేష్ ఆమె అక్క కొడుకు. పేరాలలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగి, మగ్గం తన వల్ల కాదని బాపట్లలో కంప్యూటర్ల షాపు పెట్టుకున్నాడు. పిన్ని పోలీసు అని చిన్నప్పుడు ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. ఆ పోలీసు ఉద్యోగం ఇప్పుడు లేదు. తెనాలిలో టిఫిన్ హోటల్ పైన ఒక చిన్న గది, ఒక బోర్డు, ఒక డిటెక్టివ్ ఏజెన్సీ మిగిలాయి.

ఉద్యోగం ఎందుకు పోయిందో చెప్పే కాగితం మాత్రం ఎనిమిదేళ్లుగా ఆమె చేతిసంచిలోనే ఉంది, లామినేషన్ చేయించి మరీ. 'సీలు వేసిన హార్డ్ డిస్క్‌ని ఎస్సై శేషారత్నం తారుమారు చేసినట్టు నిర్ధారణ అయింది' అని దాని సారాంశం. కింద సంతకం ప్రకాశానిది. బాపట్లలో సొంత ల్యాబ్ పెట్టుకుని పోలీసులకి రిపోర్టులు రాసిచ్చే డిజిటల్ నిపుణుడు. ఆ డిస్క్‌ని తారుమారు చేసింది ఆ సంతకం పెట్టిన చెయ్యేనని ఆమెకు తెలుసు. రుజువే లేదు. ఇప్పుడు నరేష్ మీద రిపోర్టు రాసిందీ అదే చెయ్యి.

పాము పగ పన్నెండేళ్లంటారు. ఆ లెక్కన శేషారత్నానికి ఇంకా నాలుగేళ్లు గడువుంది. కానీ ఆమె అంతదాకా ఆగేలా లేదు.

"పదిహేను నిమిషాలు మేడమ్. అంతకంటే ఇవ్వలేనండి," అన్నాడు ఎస్సై అజయ్ బాబు. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆ మొహమాటం ఇంకా ఉంది.

నరేష్ ఆమెను చూడగానే బావురుమన్నాడు.

"ఏడవడం ఆపు. ఏడ్చేవాళ్లని జడ్జిగారు రోజూ చూస్తారు. సోమవారం సుందరయ్యగారి దగ్గరికి ఎన్నింటికి వెళ్లావు?"

"మూడింటికి పిన్నీ. ప్రింటర్ బిగించి మూడు నలభైకి బయటపడ్డా. నాలుగింటి బస్సుకి బాపట్ల వెళ్లిపోయా. టికెట్టు కూడా వీళ్ల దగ్గరే ఉంది."

"అప్పటికి ఆయన బాగానే ఉన్నాడా?"

"నిక్షేపంలా ఉన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. వాళ్లావిడ రాఘవమ్మగారు అమృతలూరులో చెల్లెలింటికి వెళ్లారు. ఆయన తమ్ముడి కొడుకు దీపక్ మధ్యాహ్నం రైలుకే తెనాలి వెళ్లాడని చెప్పారు."

సుందరయ్య రేపల్లె శివారులో పొలం వెనకే గది కట్టుకుని, ఉప్పునీటికి చావని వరి వంగడం కోసం పన్నెండేళ్లుగా కష్టపడుతున్న మనిషి. సోమవారం ఆరుంపావుకి రాఘవమ్మ ఊరి నుంచి వచ్చి చూస్తే ఆయన గదిలో మంచం మీద గోడవైపు తిరిగి, దుప్పటి కప్పుకుని ఉన్నాడు. నిద్రనుకుని లేపితే లేవలేదు. దిండు మొహం మీద అదిమి చంపారని పోస్టుమార్టంలో తేలింది. పన్నెండేళ్ల పనంతా ఉన్న కంప్యూటరేమో నలభై ఎనిమిది అంకెల తాళంచెవి ఇస్తే తప్ప తెరుచుకోనని మొండికేసింది. విత్తనాల సమాచారం దొంగిలించి, పట్టుబడేసరికి ముసలాయన్ని చంపి, ఆ దొంగతనం బయటపడకుండా నరేషే ఆ తాళం వేశాడని ప్రకాశం రిపోర్టు.

"ఆ తాళం నువ్వే వేశావా?"

"వేశాను. కానీ అది ఆయన డేటా కాపాడ్డానికి పిన్నీ! పాత సిస్టమ్‌కి కంపెనీవాళ్లు అప్‌డేట్లు ఆపేశారు. ఆయన పాత మిషన్‌లో సెక్యూరిటీ చిప్ లేదు. అడ్డదారిలో కొత్త సిస్టమ్ ఎక్కించొచ్చు, నేనే వద్దన్నా. 'పన్నెండేళ్ల కష్టమండీ, దొడ్డిదారి పనులు వద్దు, కొత్త మిషన్ తీసుకోండి' అన్నా. శుక్రవారం ఎక్కించాం. నా షాపులో ఒక కాగితం ఉంటుంది పిన్నీ, కొత్త సిస్టమ్‌కి మారేవాళ్లు ముందు చూసుకోవాల్సినవి. అందులో ప్రతిదానికీ ఆయన చేత టిక్కు పెట్టించా."

ఆ కాగితం ఫైల్లోనే ఉంది. శేషారత్నం తీసి చూసింది. డిస్క్ మొత్తానికి తాళం, టిక్కు. కంపెనీ ముద్ర లేని సిస్టమ్ దేన్నీ లేవనివ్వని సెక్యూర్ బూట్, టిక్కు. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరు వేరు ఎకౌంటు, పెద్దాయన ఫోల్డర్ ఇంకొకరు ముట్టుకోకుండా, టిక్కు. పాస్‌వర్డ్ బదులు వేలిముద్ర, టిక్కు. తాళం బిగుసుకుంటే తెరిచే నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ, ఆ కాగితం మిషన్ ఉన్న గదిలో ఉంచకపోవడం, టిక్కు. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది.

"బయోస్ పాస్‌వర్డ్ ఎందుకు పెట్టలేదు?"

నరేష్ తల దించుకున్నాడు. "'ఇప్పటికే తలకాయ్ తిరిగిపోతోందిరా అబ్బాయ్, ఇంకో పాస్‌వర్డ్ నా వల్ల కాదు' అన్నారు. అదొక్కటీ వదిలేశా."

"అంటే దాని ముందు కూర్చున్న ఎవడైనా లోపలి సెట్టింగులు మార్చొచ్చు. తలుపుకి మంచి తాళం వేసి, కిటికీ గడియ మర్చిపోయావు. సరే, నలభై ఎనిమిది అంకెలు నీకు తెలుసా?"

"ఒక్కటి కూడా గుర్తులేదు పిన్నీ. ప్రింటు తీసి ఆయన చేతికిచ్చి, నా దగ్గరున్నది ఆయన ముందే చెరిపేశా. అదే పద్ధతి. 'కాగితమైతే ఎలకలు కొట్టేస్తాయి, నాకు నా చోటుంది' అని నవ్వారు."

పదిహేను నిమిషాలూ అయిపోయాయి.

*

స్టేషన్‌లో కాగితాల పని ముగించుకుని, పది నిమిషాల దూరంలో ఉన్న సుందరయ్య పొలానికి శేషారత్నం, అజయ్ బాబు, ఇద్దరు కానిస్టేబుళ్లు చేరేసరికి పన్నెండున్నర. గది తలుపుకి సోమవారం రాత్రి వేసిన పోలీసు సీలు మంగళవారం పంచనామాకి తెరిచేదాకా చెదరలేదు; ఆ తర్వాత మళ్లీ వేసిన సీలూ సరిగ్గానే ఉంది. ప్రకాశం అప్పటికే వచ్చి వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు. నుదుటి మీద అర్ధరూపాయంత సిందూరం. రెండింటికల్లా మిషన్‌ని తన బాపట్ల ల్యాబ్‌కి పట్టుకెళ్లాలని ఆయన హడావుడి.

"ఏమ్మా శేషారత్నం గారూ! తెనాలి నుంచి శ్రమపడి వచ్చారే. కంప్యూటర్ ముట్టుకోవడానికి మీకు అధికారం ఉందా, లేక పాత అలవాటా?"

"ముట్టుకోను లెండి. చూస్తాను. చూపుకి వేలిముద్రలుండవు."

మృతుడి తమ్ముడి కొడుకు దీపక్ కొబ్బరినీళ్ల గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, కళ్లు వాచి ఉన్నాయి. "తీసుకోండి పిన్నిగారూ. నరేష్ అలాంటి పని చేశాడంటే నాకూ నమ్మబుద్ధి కావట్లేదండి," అన్నాడు. మర్యాదస్తుడే అనుకుంది శేషారత్నం.

రాఘవమ్మ గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి ఎండిపోయిన మొహం. "నువ్వు ఆ అబ్బాయి పిన్నివటగా? నీవాడు చేసుంటే నీవాణ్ణే నాకు చూపించు. ఇంకెవడైనా చేసుంటే వాణ్ణి చూపించు. ఎవడైనా సరే, వాణ్ణి నేనొకటి అడగాలి," అంది.

"చూపిస్తాను పెద్దమ్మా. నేనూ అందుకే వచ్చాను."

గదిలో మంచం, టేబుల్, దాని కింద కంప్యూటర్ డబ్బా. శేషారత్నం గొంతుక్కూర్చుని డబ్బా వైపు చూసింది. పక్కరేకు, ముందుభాగం కలిసే అతుకు మీద ఒక బొట్టు ఉంది. నారింజరంగు సిందూరం. గుండ్రంగా, నిండుగా, ఎక్కడా చెదరకుండా.

ఆమె లేచి ఫోన్ తీసింది. శుక్రవారం సాయంత్రం నరేష్ 'కొత్త ఇన్‌స్టలేషన్' అని గర్వంగా కుటుంబం గ్రూపులో పెట్టిన ఫొటో అందులో ఉంది. అదే డబ్బా, అదే అతుకు. ఫొటోలో పసుపు పూసి, దాని మీద ఎర్రటి కుంకుమ పెట్టి ఉంది.

"పెద్దమ్మా, మిషన్‌కి బొట్టు పెట్టింది మీరేనా?"

"నేనే. శుక్రవారం, కొత్త వస్తువని. పసుపు రాసి కుంకుమ పెట్టా."

"ఆ తర్వాత మళ్లీ పెట్టారా? మీరు గానీ, ఇంకెవరైనా గానీ?"

రాఘవమ్మ ఆమెను వింతగా చూసింది. "మైల ఇల్లు. ఇంట్లో దీపమే లేదు. కుంకుమభరిణె ఎవరు ముట్టుకుంటారమ్మా?"

శేషారత్నానికి ఎనిమిదేళ్లుగా ఆకలితో ఉన్న మనిషి ముందు విస్తరి పరిచినట్టయింది. కానీ ఆమె మొహంలో ఏదీ కనపడనివ్వలేదు. అజయ్ బాబు వైపు తిరిగి, "డిస్క్ తెరవక్కర్లేదు. మిషన్ ఆన్ చేసి, సిస్టమ్ లేవకముందు వచ్చే బయోస్ తెర చూపించు చాలు. వీడియో తీసుకో," అంది.

"అందులో ఏముంటుంది?" అన్నాడు ప్రకాశం. కొంచెం తొందరగానే అన్నాడు.

"ఇది ఆఫీసుల కోసం చేసిన మిషన్ ప్రకాశంగారూ. డబ్బా రేకు ఎప్పుడు ఊడదీశారో, సెట్టింగులు ఎప్పుడు మార్చారో తనే రాసి పెట్టుకుంటుంది. మీ అంతటివారికి నేను చెప్పాలా?"

తెర మీద రెండు వరసలు వచ్చాయి. అజయ్ బాబు పైకే చదివాడు. కవర్ తెరిచినది సోమవారం అయిదు పన్నెండు. సెక్యూర్ బూట్ ఆపినది సోమవారం అయిదు ముప్పై ఒకటి.

"అజయ్ బాబూ, ఆ మిషన్ నలభై ఎనిమిది అంకెలు ఎందుకడుగుతోందో ఇప్పుడు తెలిసిందా? డిస్క్‌ని తెలిసిన దారిలో లేపితే అది ఏమీ అడగదు. ఎవరో డిస్క్ ఊడదీసి వేరే ల్యాప్‌టాప్‌కి తగిలించారు, లోపల అంతా గజిబిజి. తిరిగి బిగించి, సెక్యూర్ బూట్ ఆపి పెన్‌డ్రైవ్‌తో లేపబోయారు. అప్పుడు తాళం బిగుసుకుంది. అది దొంగ వేసిన తాళం కాదు, దొంగ చెయ్యి పడితే పడే తాళం. నరేష్ అయిదు పన్నెండుకి బాపట్ల బస్సులో ఉన్నాడు."

"గడియారం ఎవరైనా మార్చొచ్చు," అన్నాడు ప్రకాశం. "వాడే తేదీలు తిప్పి ఉంటాడు. ఈ రెండు గీతలు పట్టుకుని కోర్టుకి పోతే నవ్వుతారమ్మా. మీ మాట మీద కోర్టులకి ఎంత నమ్మకమో మీకు తెలుసుగా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ప్రకాశం మొహం పాలిపోవడం తన కళ్లతో చూడాలన్న కోరిక శేషారత్నాన్ని ఊపేసింది. మిగతా పని నిదానంగా చేసుకోవచ్చు. ముందు వీడు ఒక్కసారి బెదరాలి. అందుకే నోటికొచ్చిన అబద్ధం గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది.

"గీతలెందుకండీ? నరేష్‌కి ఆ నలభై ఎనిమిది అంకెలూ కంఠతా వచ్చు. ఇప్పుడే స్టేషన్‌లో నాకు చెప్పాడు. నాలుగింటికి జడ్జిగారికి అప్పగిస్తాడు. డిస్క్ తెరుచుకుంటుంది, సోమవారం ఎవరేం చేశారో మొత్తం అందులోనే ఉంటుంది."

ప్రకాశం మొహంలో రంగు దిగిపోయింది. శేషారత్నం కళ్లారా చూసింది. వెనక ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు, కాసేపటికి గేటు దగ్గర బైక్ స్టార్ట్ అయిన చప్పుడు వినపడ్డాయి. ఆమె తల తిప్పలేదు. దాన్ని పట్టించుకునే తీరిక అప్పుడామెకు లేదు.

"అజయ్ బాబూ, మంగళవారం పంచనామా వీడియో నీ ఫోన్‌లో ఉందిగా. పెట్టు."

వీడియో పదకొండూ అయిదుకి మొదలైంది. ప్రకాశం గదిలోకి వచ్చాడు, చేతికి గ్లౌజులు వేసుకున్నాడు, తిన్నగా వెళ్లి డబ్బా మీద చెయ్యి వేశాడు. స్విచ్ నొక్కాడు.

"ప్రకాశంగారూ, మీతో నాలుగేళ్లు కలిసి పనిచేశాను," అంది శేషారత్నం మెల్లగా. "మీ జేబులో ఇత్తడి భరిణె ఉంటుంది. అందులో ఆంజనేయస్వామి సిందూరం. ఏ మిషన్‌కైనా ముందు బొట్టు, తర్వాతే స్క్రూడ్రైవర్. మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్లం. ఒకసారి మంత్రిగారి ల్యాప్‌టాప్‌కి కూడా పెట్టారు. మరి మొన్న మంగళవారం పెట్టలేదేం?"

ప్రకాశం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంత చిన్న ప్రశ్నా అన్నట్టు నవ్వాడు కూడా. "మైల ఇల్లమ్మా! శవం లేచిన ఇంట్లో బొట్టు పెడతానా? ఆ మాత్రం ఆచారం నాకు తెలీదా?"

"తెలుసు. అందుకే మంగళవారం మీరు పెట్టలేదు. వీడియోలో ఉంది. సోమవారం సాయంత్రం నుంచి ఈ ఇంట్లో ఎవరూ పెట్టలేదు. పెద్దమ్మ చెప్పింది. శుక్రవారం పెట్టింది ఎర్రకుంకుమ, ఫొటోలో ఉంది. మరి రేకు తిరిగి మూశాక, అతుకు మీద చెదరకుండా పెట్టిన ఈ సిందూరం ఎవరిది?"

వద్దనుకుంటూనే ప్రకాశం చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది.

"నేను చెప్పనా? సోమవారం అయిదుంపావుకి రేకు లాగుతుంటే పెద్దమ్మ పెట్టిన కుంకుమ చెదిరిపోయింది. తుడిచేశారు. బొట్టు లేని మిషన్‌ని అలా వదిలెయ్యడానికి మీ చెయ్యి రాలేదు. మీ భరిణె తీసి నిండుగా పెట్టారు. అప్పటికి ఇది మైల ఇల్లని మీకు తెలీదు కదండీ. మంచం మీద మనిషి పడుకున్నాడనే అనుకున్నారు."

ప్రకాశం గోడకి ఆనుకున్నాడు. "నిద్రపోతున్నాడన్నాడు," అన్నాడు. "మందు వేసుకుని పడుకున్నాడు, చప్పుడు చెయ్యకండి అన్నాడు. డిస్క్ కాపీ ఒక్కటే అడిగాడు, ఆ తాళంతోనే తీసిచ్చా. నాకేం తెలుసు... రాత్రి పోలీసుల ఫోన్ వస్తేగానీ నాకు తెలీదు."

"ఎవడన్నాడు?"

"లాయర్ వచ్చాక చెప్తా."

రాఘవమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. వచ్చి ప్రకాశం ఎదురుగా నిలబడింది. "నా మొగుడు చచ్చి పడి ఉంటే, పక్కన కూర్చుని మిషన్‌కి బొట్టు పెట్టావా?" అంది. అరవలేదు. అతని జేబులోంచి భరిణె తనే తీసి, మూత ఊడదీసి, సిందూరమంతా అతని బూట్ల మీద కుమ్మరించింది. ప్రకాశం కాళ్లు కూడా కదపలేకపోయాడు.

అజయ్ బాబు బయటికొచ్చి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "ఆ నరేష్‌ని కోర్టుకి తీసుకెళ్లక్కర్లేదు. నోటీసు ఇచ్చి పంపించెయ్యండి." అప్పుడు టైము రెండున్నర అయి అయిదు నిమిషాలు.

శేషారత్నం వెంటనే స్టేషన్‌కి బయల్దేరి ఉండాల్సింది. అజయ్ బాబు జీపు కూడా సిద్ధంగా ఉంది. కానీ ఆమె చేతిసంచి తెరిచి లామినేట్ చేసిన కాగితం తీసింది. ప్రకాశాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అతని చేతికిచ్చింది.

"చదువు. గట్టిగా. ఆ కానిస్టేబుళ్లకి కూడా వినపడాలి."

అతను చదివాడు. రెండోసారి చదివించింది. మూడోసారీ చదివించింది. "ఇప్పుడు ఆ డిస్క్ ఎవరు మార్చారో చెప్పు," అంది. అతను చివరికి, "నేనే," అన్నాడు. అజయ్ బాబు ఫోన్‌లో అది రికార్డయింది. ఎనిమిదేళ్ల తర్వాత శేషారత్నానికి గుండెనిండా ఊపిరి ఆడింది. మూడు గంటలు కొట్టింది.

*

"ఇంతకీ ఆయన పన్నెండేళ్ల పని ఆ డబ్బాలోనే సమాధి అయిపోయినట్టేనా?" అంది రాఘవమ్మ.

"పెద్దమ్మా, ఆయన ముఖ్యమైనవి ఎక్కడ దాచేవారు?"

"కాగితం మీద ఆయనకి నమ్మకం లేదమ్మా. ఎలకలంటాడు. ఏం రాసినా చేలోనే, ఆ చీటీల మీదే." కిటికీలోంచి చెయ్యి చూపించింది. కోతకొచ్చిన వరిలో వరసవరసకీ వెదురుపుల్ల, పుల్లకి రేకుచీటీ. "మొన్న శనివారం కూడా కొత్తవి పాతాడు, గట్టు వరసలో. గట్టు వరసకి చీటీ ఎందుకండీ అన్నా. నవ్వి ఊరుకున్నాడు."

శేషారత్నం గుమ్మం దాటబోయేదల్లా ఆగింది. "గట్టు వరసకి చీటీ కట్టరా?"

"ఎందుకు కడతారు? అది లోపలి వరసలకి కాపలా పంట. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు."

గట్టు వరసలో ఎనిమిది పుల్లలున్నాయి. లోపలి చీటీల మీద అయిదంకెలుంటే, వీటి మీద ఆరేసి. ఎనిమిదారులు నలభై ఎనిమిది. "ఆయన ఏ లెక్కయినా ఈశాన్యం మూల నుంచే మొదలుపెడతాడు," అంది రాఘవమ్మ. శేషారత్నం ఆ మూల నుంచే రాసుకుంది. మొదటిది 318472. రెండోది 605319. గట్టు మీదే నిలబడి, ఒక్కోదాన్నీ పదకొండుతో భాగించి చూసింది. అసలైన రికవరీ కీలో ప్రతి ఆరంకెలూ పదకొండుతో నిశ్శేషంగా భాగింపబడతాయి. ఎనిమిదికి ఎనిమిదీ తెగాయి.

అజయ్ బాబు సరేనని వీడియో తీస్తుండగా శేషారత్నం డిస్క్‌ని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా కట్టడి చేసి, అంకెలు కొట్టింది. డిస్క్ తెరుచుకుంది. వరి సంగతి వరి మనుషులు చూసుకుంటారు. ఆమె తిన్నగా లాగిన్ల చిట్టా తీసింది.

సోమవారం మూడు ముప్పై ఎనిమిదికి సుందరయ్య తన ఎకౌంటు నుంచి బయటికి వచ్చాడు. నాలుగు నలభై ఒకటికి ఇంకొకరు లోపలికి వెళ్లారు. వేలిముద్రతో. సుందరయ్య ఫోల్డర్ తెరవబోతే మిషన్ ఒప్పుకోలేదు. ఏడుసార్లు ప్రయత్నం, ఏడుసార్లూ తిరస్కారం. ఎకౌంటు పేరు దీపక్.

"అతను తెనాలిలో ఉన్నానన్నాడు కదండీ," అన్నాడు అజయ్ బాబు.

"పాస్‌వర్డ్ అయితే ఎవరో దొంగిలించారనొచ్చు. వేలు ఇక్కడ పెట్టి మనిషి తెనాలిలో ఎలా ఉంటాడు? దీపక్ ఏడి?"

మధ్యాహ్నం కొబ్బరినీళ్ల గ్లాసు కిటికీ గట్టు మీద అలాగే ఉంది, సగం తాగి. గేటు దగ్గర బైక్ లేదు. ఆ బైక్ చప్పుడు ఎప్పుడు విన్నదో, ఏ మాట అన్న తర్వాత విన్నదో శేషారత్నానికి గుర్తొచ్చింది.

"స్టేషన్‌కి చెయ్యి. నరేష్‌ని కదలనివ్వొద్దను. తొందరగా!"

అజయ్ బాబు స్పీకర్ పెట్టాడు. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ గొంతు వినపడింది. "మూడింటికే పంపేశామండి సార్. పిన్నిగారు పంపారని వాళ్ల తాలూకు మనిషి బైక్ మీద వచ్చాడండి. మేడమ్‌గారి పేరు కూడా చెప్పాడు. పాపం ఎక్కించుకుని వెళ్లాడండి."

అప్పుడే శేషారత్నం ఫోన్ మోగింది. తెర మీద నరేష్ పేరు. ఎత్తింది.

"పిన్నిగారూ, దీపక్‌నండి." మర్యాద ఎక్కడా తగ్గలేదు. "మీరే కదండీ అన్నారు, అంకెలన్నీ వీడికి కంఠతా వచ్చని. అందుకే తీసుకొచ్చా. ఇంతసేపట్నుంచి అడుగుతున్నా, ఒక్కటి కూడా తెలీదంటాడేంటండి? మీరు అబద్ధం చెప్పారా, వీడు చెప్తున్నాడా?"

వెనక నుంచి నరేష్ గొంతు వినపడింది. పిన్నీ అనబోయాడు, సగంలోనే ఆగిపోయింది.

"నేనే చెప్పాను అబద్ధం!" అంది శేషారత్నం. "వాడికేం తెలీదు దీపక్. ఒట్టు. ఆ అంకెలు నా దగ్గరున్నాయి, రాసుకో, ఇప్పుడే చెప్తాను. మూడు, ఒకటి, ఎనిమిది..."

"మధ్యాహ్నం అంత ధీమాగా చెప్పారు కదండీ," అన్నాడు దీపక్. "ఇప్పుడు మీరేం చెప్పినా నాకు నమ్మబుద్ధి కావట్లేదు పిన్నిగారూ. వీణ్ణే అడుగుతాలెండి."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

టేబుల్ మీద ఒకపక్క ఎనిమిది చీటీల అంకెలు, ఇంకోపక్క లామినేట్ చేసిన కాగితం ఉన్నాయి. దాన్ని ప్రకాశం చేత చదివించడానికి ఆమెకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై అయిదు నిమిషాలూ నరేష్‌వి.